సర్వో మోటారు మీద రాసిన వోల్టులు ఏం చెబుతాయి?

కోల్‌కతా మెట్రోలో చాందినీ చౌక్ స్టేషన్‌లో దిగి పైకి వస్తే ఎలక్ట్రానిక్స్ దుకాణాలు వరసగా కనిపిస్తాయి. ట్రాన్సిస్టర్లు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, పాత రేడియోల భాగాలు, ఇంకా ఈ మధ్య కాలంలో చిన్న చిన్న రోబోల సామాను. ఒక దుకాణంలో అగ్గిపెట్టె కంటె కాస్త పెద్దవైన నల్లని డబ్బాలు గుట్టగా పోసి ఉంటాయి. ఒక్కొక్క డబ్బా నుంచి మూడు తీగలు వేలాడుతుంటాయి. పైన తెల్లని పళ్ళ ఇరుసు పొడుచుకు వచ్చి ఉంటుంది. అవే సర్వో మోటార్లు.

కొన్నాళ్ళ క్రితం ఆ నగరంలోనే ఒక పాఠశాల విజ్ఞాన ప్రదర్శనకు వెళ్ళాను. ముగ్గురు విద్యార్థులు ఓడరేవులో సరుకులు దించే క్రేను నమూనా ఒకటి తయారుచేశారు. వారిలో ఒకడు ఖరగ్‌పూర్ నుంచి వచ్చి అక్కడ చదువుకుంటున్న తెలుగు పిల్లవాడు. నాలుగు సర్వో మోటార్లతో ఆ క్రేను చెయ్యి పైకీ కిందికీ, అటూ ఇటూ తిరగాలి. నేను వెళ్ళేసరికి చెయ్యి కదలటం లేదు. బల్ల మీద కాలిన ఎనామిల్ వాసన వస్తోంది. "ఏమయింది బాబూ?" అని అడిగితే ఆ పిల్లవాడు, "డబ్బా మీద 6 వోల్టులని ఉంది సార్. బరువు లేవటం లేదని 12 వోల్టులు ఇచ్చాం. రెట్టింపు ఇస్తే రెట్టింపు బలం వస్తుందనుకున్నాం" అన్నాడు. ఆరు నెలలుగా కూడబెట్టుకున్న డబ్బుతో కొన్న నాలుగు మోటార్లలో మూడు పాడయ్యాయి.

ఆ పిల్లవాడి ఆలోచనలో తప్పెక్కడ ఉంది? మీరు కాస్త ఆలోచించండి. నిజానికి భౌతికశాస్త్రం ప్రకారం అతను అన్నది తప్పు కాదు! వోల్టేజి రెట్టింపయితే మోటారు మెలితిప్పే బలం దాదాపు రెట్టింపే అవుతుంది. మరి మోటారు ఎందుకు కాలిపోయింది? ఇది అర్థం కావాలంటే ముందు ఆ నల్లని డబ్బా మూత విప్పి లోపల ఏముందో చూడాలి.

డబ్బా లోపల

సర్వో అనే మాటకు మూలం లాటిన్ భాషలో 'సేవకుడు' అనే అర్థం గల పదం. 19వ శతాబ్దంలో ఆవిరి ఓడలు పెద్దవయ్యేసరికి వాటి చుక్కానిని మనుషులు చేతితో తిప్పటం కష్టమైంది. ఫ్రెంచి ఇంజనీరు లియోన్ ఫార్కో ఆవిరి బలంతో చుక్కానిని తిప్పే యంత్రాన్ని రూపొందించి దానికి 'సర్వో-మోటార్' అని పేరు పెట్టాడు. నావికుడు చిన్న చక్రాన్ని ఎంత తిప్పితే పెద్ద చుక్కాని సరిగ్గా అంతే తిరిగి ఆగుతుంది. చెప్పినంతే చేసి ఆగే సేవకుడన్నమాట.

ఇప్పటి చిన్న సర్వోలో నాలుగు భాగాలున్నాయి. మొదటిది ఏకముఖ విద్యుత్తుతో, అంటే డీసీతో, తిరిగే చిన్న మోటారు. రెండవది పళ్ళ చక్రాల వరస. ఇది మోటారు వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతుంది. మూడవది పొటెన్షియోమీటర్, రేడియోలో వాల్యూమ్ పెంచే కంట్రోలు వంటిదే, ఇరుసు ఏ కోణంలో ఉందో చెబుతుంది. నాలుగవది ఒక చిన్న ఎలక్ట్రానిక్ పలక. మీరు కోరిన కోణాన్నీ, ఇరుసు ఉన్న కోణాన్నీ అది పోల్చి చూస్తుంది. తేడా ఉన్నంతసేపూ మోటారును తిప్పుతుంది. తేడా పోగానే ఆపుతుంది.

మూడు తీగల్లో ఒకటి ధన ధ్రువానికి, ఒకటి రుణ ధ్రువానికి. మూడవది ఆజ్ఞ ఇచ్చే తీగ. సెకనుకు 50 సార్లు ఈ తీగలో ఒక స్పందం వస్తుంది. ఆ స్పందం 1.5 మిల్లీసెకన్లు ఉంటే ఇరుసు మధ్యలో నిలుస్తుంది. 1 మిల్లీసెకను అయితే ఒక వైపుకు, 2 మిల్లీసెకన్లయితే రెండవ వైపుకు తిరుగుతుంది. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. డబ్బా మీద రాసిన వోల్టేజి మోటారును నడిపే రెండు తీగలకు సంబంధించినది. ఆజ్ఞ తీగలో వచ్చే స్పందం 3 నుంచి 5 వోల్టులు ఉంటే చాలు. బలం పెంచాలని దాన్ని పెంచితే ప్రయోజనం లేదు, నష్టమే.

వోల్టేజి చేసే పని

మోటారు తిరుగుతున్నప్పుడు దానిలోని తీగచుట్ట అయస్కాంత క్షేత్రంలో కదులుతుంది. అయస్కాంత క్షేత్రంలో తీగచుట్ట కదిలితే ఏమవుతుందో మీరు ఫారడే నియమంలో చదివే ఉంటారు. దానిలో విద్యుత్తు పుడుతుంది. అంటే తిరిగే ప్రతి మోటారూ లోలోపల ఒక డైనమో కూడా! అది పుట్టించే వోల్టేజి బయటి నుంచి మనం ఇచ్చే వోల్టేజిని ఎదిరిస్తుంది. దీన్నే వ్యతిరేక విద్యుచ్ఛాలక బలం అంటారు. మోటారు వేగం పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది.

మార్కెట్లో ఎక్కువగా దొరికే ఎమ్‌జి996ఆర్ రకం సర్వో లెక్క తీసుకుందాం. దాని పట్టికలో 6 వోల్టుల వద్ద ఇరుసు కదలకుండా బిగుసుకుపోతే 2.5 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుందని ఉంటుంది. దీన్ని స్టాల్ కరెంటు అంటారు. కదలనప్పుడు ఎదిరించే వోల్టేజి సున్న కనుక ఓమ్ నియమం నేరుగా వర్తిస్తుంది. 6ను 2.5తో భాగిస్తే 2.4 ఓమ్‌లు. మోటారు, దాన్ని నడిపే ట్రాన్సిస్టర్లు అన్నీ కలిసి ఇంత నిరోధమని అనుకుందాం.

అదే మోటారు బరువు లేకుండా తిరుగుతూ 0.5 ఆంపియర్ తీసుకుంటే ఏమవుతుంది? నిరోధంలో పోయేది 0.5 × 2.4 = 1.2 వోల్టులు. మిగిలిన 4.8 వోల్టులు వ్యతిరేక విద్యుచ్ఛాలక బలాన్ని ఎదుర్కోవటానికి పోతాయి. దీని నుంచి రెండు ముఖ్యమైన సంగతులు తెలుస్తున్నాయి. మోటారు ఎంత వేగంగా తిరగగలదో నిర్ణయించేది వోల్టేజి. అది ఎంత బలంగా మెలితిప్పుతుందో నిర్ణయించేది కరెంటు. బిగుసుకుపోయినప్పుడు ఎంత కరెంటు పారాలో మళ్ళీ వోల్టేజే నిర్ణయిస్తుంది.

ఈ మాట నిజమో కాదో పట్టికలోనే సరిచూసుకోవచ్చు. ఎమ్‌జి996ఆర్‌కు 4.8 వోల్టులిస్తే గరిష్ఠ బలం 9.4 కిలోగ్రాం-సెంటీమీటర్లు, 6 వోల్టులిస్తే 11. అంటే ఇరుసు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో 11 కిలోల బరువును ఆపగలదు. పది సెంటీమీటర్ల దూరంలోనైతే 1.1 కిలోలు మాత్రమే. ఇక 60 డిగ్రీలు తిరగటానికి 4.8 వోల్టుల వద్ద 0.17 సెకను పడితే 6 వోల్టుల వద్ద 0.14 సెకను చాలు. వోల్టేజి 1.25 రెట్లయితే బలం 1.17 రెట్లు, వేగం 1.21 రెట్లు అయింది. పట్టికలో అంకెలు దగ్గరి విలువలే గాని, దామాషా మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది.

4.8 ఎక్కడి నుంచి వచ్చింది?

5 కాదు, 4.5 కాదు, ఈ 4.8 ఏమిటని మీకు అనుమానం రావచ్చు. దీనికి కారణం మోటారులో లేదు, బాటరీలో ఉంది. చిన్న సర్వోలు మొదట రేడియోతో నడిపే బొమ్మ విమానాలకూ పడవలకూ వచ్చాయి. వాటిలో తిరిగి చార్జి చేసుకునే నికెల్-కాడ్మియం ఘటాలు వాడేవారు. ఒక్కొక్క ఘటం 1.2 వోల్టులు. నాలుగు కలిపితే 4.8, ఐదు కలిపితే 6. ఆ రెండు అంకెలే సర్వోల పట్టికల్లో స్థిరపడిపోయాయి. తరువాత లిథియం ఘటాలు వచ్చాయి. వీటిలో ఒక్కొక్కటి 3.7 వోల్టులు, రెండు కలిపితే 7.4. వాటి కోసం ఎక్కువ వోల్టేజి తట్టుకునే సర్వోలు వేరుగా తయారయ్యాయి.

ఇక్కడొక చిక్కు ఉంది. బాటరీ మీద రాసేది సగటు వోల్టేజి. లిథియం ఘటం పూర్తిగా చార్జి అయినప్పుడు 4.2 వోల్టులుంటుంది. రెండు కలిస్తే 8.4. మీ సర్వో మీద '4.8 నుంచి 7.2 వోల్టులు' అని ఉంటే, '7.4 ఉంటే ఏం, కొంచెమే కదా ఎక్కువ' అని రెండు లిథియం ఘటాలు కలపకండి. కలిపిన క్షణంలో దానికి అందేది 8.4 వోల్టులు. మామూలు టార్చిలైటు సెల్స్ నాలుగు వాడినా, కొత్తవయితే 6 కంటె కొంచెం ఎక్కువే ఇస్తాయి. కాబట్టి రేటింగ్‌ను బాటరీ గరిష్ఠ వోల్టేజితో పోల్చాలి, దాని మీద రాసిన పేరుతో కాదు.

హద్దు దాటితే

ఇప్పుడు ఆ క్రేను దగ్గరికి తిరిగి వద్దాం. 12 వోల్టులిచ్చినప్పుడు బలం రెట్టింపయిందనుకుందాం. మరి వేడి?

జౌల్ నియమం ప్రకారం వేడి కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 6 వోల్టుల వద్ద మోటారు బిగుసుకుంటే 2.5 ఆంపియర్లు పారి 15 వాట్ల వేడి పుడుతుంది. 12 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు. వేడి 60 వాట్లు. బలం రెట్టింపు, వేడి నాలుగు రెట్లు! సీసం అతికే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అటువంటివి రెండింటిని మించిన వేడి, గాలి కూడా చొరబడని ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పుడితే ఏమవుతుందో మీరే ఊహించండి. తీగచుట్ట మీద వెంట్రుక కంటె పలుచని ఎనామిల్ పూత ఉంటుంది. అది మాడితే పక్కపక్క చుట్లు ఒకదానితో ఒకటి తగులుకుంటాయి. నిరోధం తగ్గుతుంది, కరెంటు ఇంకా పెరుగుతుంది. వేడి ఇంకా పెరుగుతుంది. ఆ విషవలయం మోటారు ప్రాణం తీసేదాకా ఆగదు.

అయితే చాలాసార్లు తీగచుట్ట కంటె ముందే పోయేది ఎలక్ట్రానిక్ పలక. దాని మీది ట్రాన్సిస్టర్లకూ కెపాసిటర్లకూ తట్టుకోగల వోల్టేజి హద్దు ఒకటి ఉంటుంది. తీగచుట్ట వేడెక్కటానికి కొన్ని సెకన్లు పడుతుంది. ట్రాన్సిస్టర్‌కు అంత వ్యవధి కూడా అక్కరలేదు. హద్దు దాటిన మరుక్షణమే దెబ్బతింటుంది. ఇవి కాక మోటారు బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు పెరిగి అవి త్వరగా అరిగిపోతాయి. చక్రాలు ప్లాస్టిక్‌వయితే పెరిగిన బలానికి పళ్ళు విరుగుతాయి.

అందుకే రేటింగ్ అంటే ఒక్క అంకె కాదు. తీగచుట్ట వేడి, పూత బలం, ట్రాన్సిస్టర్ల హద్దు, బ్రష్‌లు, పళ్ళ చక్రాలు - వీటిలో అన్నిటి కంటె బలహీనమైనది ఎంత తట్టుకుంటుందో అదే రేటింగ్. 'ఇంతవరకు నా యంత్రం మీరు ఆశించిన కాలం పనిచేస్తుంది' అని తయారీదారు ఇచ్చే మాట అది.

తక్కువయినా తంటాయే

మన పల్లెల్లో వ్యవసాయ పంపుసెట్లు లోవోల్టేజి వల్ల కాలిపోవటం మీరు వినే ఉంటారు. తక్కువ వోల్టేజికి మోటారు కాలటమేమిటని ఆశ్చర్యపడి ఉంటారు కూడా. ఆ ఇండక్షన్ మోటారు అదే నీటిని ఎత్తటానికి ఎక్కువ కరెంటు లాక్కుంటుంది, వేడెక్కుతుంది. మన చిన్న సర్వో సంగతి కొంచెం వేరు. వోల్టేజి తగ్గితే దాని స్టాల్ కరెంటు కూడా తగ్గుతుంది. కాని బలం చాలక అది చేరవలసిన కోణానికి చేరదు. ఎలక్ట్రానిక్ పలక మాత్రం 'ఇంకా చేరలేదు, ఇంకా చేరలేదు' అంటూ కరెంటు పంపుతూనే ఉంటుంది. ఒక క్షణం ఉండవలసిన బిగుసుకుపోయిన స్థితి నిమిషాలపాటు ఉంటుంది. ఫలితం మళ్ళీ వేడే.

విద్యార్థులు ఎక్కువగా చేసే పొరపాటు మరొకటి ఉంది. బాటరీ మీద వోల్టులు చూస్తారు, ఆంపియర్లు చూడరు. స్మోక్ అలారంలో పెట్టే చిన్న 9 వోల్టుల చదరపు బాటరీ సర్వోలకు పనికిరాదు. దాని అంతర్నిరోధం ఎక్కువ. సర్వో కదలబోగానే వోల్టేజి కుప్పకూలుతుంది. ఆర్డుయినో వంటి బోర్డు మీది 5 వోల్టుల కొనకు పెద్ద సర్వోలు తగిలించినా అంతే. కదలటం మొదలయ్యే క్షణంలో ఏ మోటారయినా దాదాపు స్టాల్ కరెంటే తీసుకుంటుంది కదా! బోర్డుకు వోల్టేజి చాలక అది చేస్తున్న పని మరచిపోయి మొదటి నుంచి ప్రారంభిస్తుంది. సర్వో ఒక్కసారి అదిరి ఆగుతుంది, మళ్ళీ అదురుతుంది. పిల్లలు తమ ప్రోగ్రాములో తప్పుందని రాత్రంతా వెతుకుతారు. తప్పు తీగల్లో ఉంటుంది.

సరైన ఏర్పాటు ఎలా?

ఆ క్రేనుకు ఏం చేయాలో లెక్కవేద్దాం. నాలుగు సర్వోలు, ఒక్కొక్కటి కదిలేటప్పుడు 0.9 ఆంపియర్ దాకా తీసుకుంటుంది. నాలుగూ కలిస్తే 3.6. అన్నీ ఒకేసారి బిగుసుకుంటే 10 ఆంపియర్లు. కాబట్టి 6 వోల్టుల వద్ద కనీసం 5 ఆంపియర్లివ్వగల సప్లై కావాలి. నాలుగూ ఒకేసారి బరువెత్తే పనయితే 10 ఆంపియర్లది కావాలి. మీ సప్లై ఎక్కువ ఆంపియర్లు ఇవ్వగలదని భయపడనక్కరలేదు. మోటారు తనకు కావలసినంతే తీసుకుంటుంది. భయపడవలసింది ఎక్కువ వోల్టులకు.

చేతిలో 12 వోల్టుల సప్లై మాత్రమే ఉంటే? 7806 అనే మూడు కాళ్ళ రెగ్యులేటరు 6 వోల్టులిస్తుంది గాని అది ఒక ఆంపియర్‌కు కాస్త పైవరకే భరిస్తుంది. పైగా మిగిలిన 6 వోల్టులను వేడిగా మార్చి పారేస్తుంది. దీనికి బదులు ట్రాన్సిస్టర్‌ను వేగంగా తెరుస్తూ మూస్తూ వోల్టేజి తగ్గించే బక్ కన్వర్టర్ వాడటం మంచిది. దాన్ని సర్వోలకు తగిలించే ముందే మల్టీమీటరుతో 6 వోల్టులకు సరిచేయాలి. సర్వోల సప్లై రుణ ధ్రువాన్నీ, బోర్డు రుణ ధ్రువాన్నీ తప్పక కలపాలి. లేకపోతే ఆజ్ఞ తీగలోని స్పందాన్ని సర్వో గుర్తించలేదు. సర్వోల దగ్గర 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి పెడితే కదలిక మొదలయ్యే క్షణంలో వోల్టేజి పడిపోకుండా కాస్త ఆదుకుంటుంది. దాని మీద రాసిన వోల్టేజి కూడా 6 కంటె బాగా ఎక్కువ ఉండాలి. 16 వోల్టులది వాడవచ్చు.

ఇక బరువు లేవలేదంటే? వోల్టేజి పెంచకండి. చెయ్యి పొడవు తగ్గించండి. లేదా రెండవ వైపు సమతూకం కట్టండి. అదీ చాలకపోతే ఎక్కువ బలం గల సర్వో కొనండి. నిజమైన రేవు క్రేనుల్లో కూడా ఇంజనీర్లు సమతూకాన్ని వాడతారు.

నగరమంతా వోల్టేజి పాఠమే

పెద్ద యంత్రాలకు వెళ్దాం. కర్మాగారాల్లో లోహాన్ని చెక్కే యంత్రాల సర్వోలు 24, 48 వోల్టుల నుంచి 230, 400 వోల్టుల వరకు ఉంటాయి. ఎందుకింత తేడా? ఒక కిలోవాట్ శక్తిని 48 వోల్టుల వద్ద ఇవ్వాలంటే దాదాపు 21 ఆంపియర్లు పారాలి. 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును డీసీగా మార్చితే దాని శిఖర విలువ 325 వోల్టులు వస్తుంది. అక్కడ అదే శక్తికి 3 ఆంపియర్లు చాలు. ఒకే లావు తీగలో పోయే నష్టం మొదటి దానిలో దాదాపు 46 రెట్లు ఎక్కువ. అందుకే శక్తి పెరిగేకొద్దీ వోల్టేజి పెంచుతారు. దానికి తగినట్టు విద్యుద్బంధకాలనూ బలంగా చేస్తారు. ఇటువంటి మోటారు హఠాత్తుగా ఆగేటప్పుడు డైనమోలా పనిచేసి సప్లై వోల్టేజిని పైకి నెడుతుంది. ఆ అదనపు శక్తిని వేడిగా ఖర్చుచేయటానికి ఒక నిరోధకాన్ని కలుపుతారు.

ఈ సూత్రాన్ని చూడటానికి కోల్‌కతా కంటె మంచి ప్రయోగశాల లేదు. అప్పటి కలకత్తాకు 1899లో కరెంటు వచ్చినప్పుడు అది డీసీయే. 1902లో ఎస్‌ప్లనేడ్ నుంచి కిదిర్‌పూర్‌కు విద్యుత్ ట్రాము నడిచింది; ట్రాములకు ఇచ్చేది 550 వోల్టుల డీసీ. 1984 అక్టోబరు 24న దేశంలో మొదటి మెట్రో ఇక్కడే మొదలైంది. దాని మూడవ పట్టాలో 750 వోల్టుల డీసీ ఉంటుంది. హౌరా నుంచి నడిచే లోకల్ రైళ్ళు 1957లో 3000 వోల్టుల డీసీతో మొదలై, తరువాత 25,000 వోల్టుల ఏకాంతర విద్యుత్తుకు మారాయి. ట్రాము తక్కువ బరువు, తక్కువ దూరం. లోకల్ రైలు ఎక్కువ బరువు, ఎక్కువ దూరం. అవసరాన్ని బట్టి వోల్టేజి, వోల్టేజిని బట్టి మోటారు. ట్రాము మోటారును తీసుకుపోయి 25,000 వోల్టుల తీగకు తగిలించాలని ఎవరూ అనుకోరు. చిన్న డబ్బా విషయంలో మాత్రం 6కూ 12కూ తేడా ఏముందిలే అనుకుంటాం!

మరొక్క మాట. మోటారు రేటింగు చుట్టూ ఉన్న గాలి వేడి మీద కూడా ఆధారపడుతుంది. పెద్ద మోటార్లకు సాధారణంగా 40 డిగ్రీల సెల్సియస్ వరకు లెక్కవేస్తారు. బంధకం వేడి 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజనీర్లు ఒక మోటు లెక్క చెబుతారు. మే నెలలో కోల్‌కతాలోనైనా, విజయవాడలోనైనా ప్రదర్శన పెట్టేవారు ఇది మరువరాదు. సర్వోను అప్పుడప్పుడు తాకి చూడండి. వేలు ఆనించలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపండి.

ఆ రోజు ప్రదర్శనలో మిగిలిన ఒక్క సర్వోను నాలుగు టార్చిలైటు సెల్స్‌కు తగిలించి చూశాం. అది పనిచేసింది. ఆ పిల్లలు క్రేను చేతిని సగానికి తగ్గించి, రెండవ చివర కొన్ని నట్లు కట్టారు. మిగిలిన కదలికలు వదిలేసి, పైకీ కిందికీ మాత్రం కదిలించారు. చూడటానికి వచ్చినవారు, "తక్కిన మూడు మోటార్లు ఎందుకు తిరగటం లేదు?" అని అడిగితే ఆ తెలుగు పిల్లవాడు దాచలేదు. ఒక కాగితం మీద 15 వాట్లు, 60 వాట్లు అని రెండు అంకెలు రాసి, కాలిన మోటారు పక్కన పెట్టి వివరించాడు. ఆ బల్ల దగ్గర జనం ఆ తరువాతే ఎక్కువసేపు నిలబడ్డారు.

మీరు కొనబోయే సర్వో డబ్బాను ఈసారి తిప్పి చూడండి. వోల్టులు ఎన్ని? అది కనిష్ఠమా, గరిష్ఠమా? స్టాల్ కరెంటు ఎంత? మీ బాటరీ నిండుగా ఉన్నప్పుడు ఎన్ని వోల్టులు? ఈ నాలుగు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకున్న తరువాతే తీగలు కలపండి.